రెండూ పదికి పిలిచే గోడౌను

గురజాల దాటి మాచర్ల రోడ్డెక్కాక, ఎడమచేతి వైపు ఒక పాత పత్తి గోడౌను వస్తుంది. చీకటి పడ్డాక దాని ముందు బండి ఆపినవాడు లేడు. ఆటోవాళ్ళు అక్కడికి రాగానే పాటల సౌండు పెంచుతారు. టైరు పంక్చరైతే అర కిలోమీటరు తోసుకుంటూ పోతారు గానీ అక్కడ నిలబడి విప్పరు.

ఎందుకంటే — అది పిలుస్తుంది.

కూతా కాదు, ఏడుపూ కాదు. ఆడగొంతు. పేరు పెట్టి పిలుస్తుంది. అర్ధరాత్రి దాటాక సరిగ్గా రెండు గంటల పది నిమిషాలకు... రెండంటే రెండుసార్లు. తర్వాత ఇంకేమీ వినపడదు.

మామూలు దెయ్యాలకు టైము పట్టింపు ఉండదు. ఏ అమావాస్యకో బుద్ధి పుడితే వస్తాయి, లేకపోతే లేదు. ఇది మాత్రం ఆదివారం కూడా సెలవు పెట్టకుండా డ్యూటీ చేసింది.

గోడౌనుకు చెడ్డపేరు ఇప్పటిది కాదు. ఎప్పుడో పత్తి కుక్కిన బోరేలు అంటుకుని సగం కప్పు కాలిపోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. అయినా ఊరు ఊరుకోదు కదా, ఒక ఆడమనిషిని కల్పించి అందులో కాల్చేసింది. అప్పట్నించీ అది ఖాళీ. ఈ ఏడు నరసరావుపేట వ్యాపారి ఒకాయన లీజుకు తీసుకుని, సున్నం కొట్టించి, కెమెరాలూ మైకులూ ఏవేవో బిగించి పోయాడు. కొనుగోళ్ళు ఇంకా మొదలుపెట్టలేదు. రాత్రిళ్ళు అక్రం అనే వాచ్‌మన్ ఒక్కడే గేటు దగ్గర ఉంటాడు.

సరే, అది పిలిచే పేరు ఏంటంటారా? వెంకటరమణమ్మ.

గేటుకు ఎదురుగా, రోడ్డుకు అవతల, ఇడ్లీలు అమ్మే ముసలావిడ పేరు కూడా అదే.

ఈ సంగతి సాయిసుధకు తెలిసేసరికి పదకొండు రాత్రులు గడిచాయి. సాయిసుధ ఉండేది గురజాలలోనే, వాళ్ళ నాన్న ఎరువుల కొట్టు మీది గదిలో. పని మాత్రం హైదరాబాదు కంపెనీకి. వాళ్ళు మార్కెట్ యార్డులకూ కొనుగోలు కేంద్రాలకూ సాఫ్ట్‌వేర్ చేసిపెడతారు. రాయడం ఈమె వంతు, తీసుకెళ్ళి బిగించడం ఇంకెవరి వంతో. తను రాసింది ఏ ఊళ్ళో ఏ గోడకు వేలాడుతోందో ఆమెకు తెలియదు, అడగడానికి తీరికా లేదు.

ఊరి లెక్కలో సాఫ్ట్‌వేర్ అంటే ప్రింటరు బాగుచేయడం, ఫోను లాకు తీయడం, ఆధార్‌లో పుట్టినతేదీ మార్చడం. ఇవేవీ తన పని కాదని చెప్తే, "మరి అంత జీతం ఎందుకిస్తన్నారు?" అని నిజంగానే ఆశ్చర్యపోతారు. అసలు పని సంగతి చెప్పినా ఎవరికీ జాలి కలగదు. సగం రోజు రాయడం, సగం రోజు రాసింది ఎందుకు పనిచేయట్లేదో వెతకడం. పనిచేస్తే ఎందుకు పనిచేసిందో అర్థంకాక ఇంకో పూట. ఆ పైన, "మీ మిషన్లో నడుస్తోంది సరే, మా దాంట్లో నడవట్లేదు" అని హైదరాబాదు నుంచి ఫోను.

ఆమెకున్న ఒక్క సుఖం పొద్దున్నే లేచి, రాసినదాని మీద రాత్రి వాటంతటవే నడిచిన పరీక్షల పట్టీ చూసుకోవడం. ఎదురుగా వరసగా పచ్చ టిక్కులుంటే ఆ రోజు ఎవరేమన్నా పట్టించుకోదు. బండేసుకుని పెద్దమ్మ దగ్గరికి పోయి నాలుగు ఇడ్లీలు తిని వచ్చి మీటింగులో కూర్చుంటుంది. పెద్దమ్మంటే చుట్టం కాదు. పదో తరగతి పరీక్షలప్పుడు నాలుగింటికే పొయ్యి వెలిగించి, సుధకోసం ముందు వాయి తీసిన మనిషి. ఆ వెంకటరమణమ్మే.

ఆ రోజు కూడా పచ్చ టిక్కులే. కొట్టు మాత్రం మూసి ఉంది... వరసగా మూడో రోజు.

గేటు దగ్గర అక్రం బీడీ కాల్చుకుంటున్నాడు.

"ఏందన్నా, పెద్దమ్మ కొట్టు తీయలా?"

అక్రం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంక తీయదమ్మా. ఆమెకు పిలుపొచ్చింది."

"ఏం పిలుపు? పెళ్ళి పిలుపా?"

"నవ్వబాక. పదకొండు రాత్రుల నుంచి నేను ఈ చెవుల్తో వింటన్నా... గోడౌను లోపల్నించి, ఆమె పేరు పెట్టి..."

"ఎవరన్నా మైకులో ఆటలాడతన్నారేమో అన్నా."

"నాకూ అదే అనుమానం వచ్చింది. మొన్న మెయిన్ ఆపేశా. చీకటి గుయ్యారం. అయినా పిలిచింది." బీడీ కింద పడేశాడు. "ఏ మిషనన్నా కరెంటు లేకుండా మాట్లాడతదా? చదువుకున్నదానివి, నువ్వే చెప్పు."

సుధ గోడౌను కేసి చూసింది.

పల్నాట్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన నియమం ఒకటుంది. రాత్రిపూట ఎవరు పేరు పెట్టి పిలిచినా మొదటిసారికి పలకకూడదు. రెండోసారికీ పలకకూడదు. మూడోసారి పిలిస్తే అది మనిషి. దెయ్యానికి మూడోసారి పిలిచే శక్తి ఉండదు. తొందరపడి రెండోసారికే "ఆఁ" అన్నవాళ్ళు తెల్లారేసరికి రక్తం కక్కుకుని పడి ఉంటారు. ఈ గోడౌనుది సరిగ్గా రెండు పిలుపులే.

సుధ రోడ్డు దాటి కొట్టు వెనక గదిలోకి పోయింది. వెంకటరమణమ్మ నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. గ్రైండరు ఉండే మూల ఖాళీ. ఇడ్లీ పాత్రలు కూడా లేవు. పక్కింటి కృపమ్మకు ఇచ్చేసిందట. అలమరలో షుగరు మాత్రల అట్ట మూడు రోజుల నుంచి కదల్లేదు.

"పెద్దమ్మా! మాత్రలు వేసుకోవట్లేదా?"

"పోయేదానికి మాత్రలేందే? దండగ."

"ఏమన్నా తిన్నావా?"

ఆమె దుప్పటి మీదికి లాక్కుంది. గోడతో చెప్పినట్టు అంది — "ఈ రాత్రి పలుకుతా."

"ఏంది?"

"పదకొండు రాత్రులు పేరు పెట్టి పిలిపించుకున్నా. ఇంకా పలక్కపోతే మర్యాదగా ఉండదే."

సుధకు నవ్వు రావాల్సింది. రాలేదు. దెయ్యం మీద ఆమెకు నమ్మకం లేదు గానీ, ఆ మంచం మీదున్న మనిషిని చూస్తే మాత్రం నిజంగా భయమేసింది. అరవై ఐదేళ్ళు, షుగరు, మూడు రోజులుగా తిండి లేదు. అర్ధరాత్రి చలిలో చావుకు "ఆఁ" అని పలికితే ఆ గుండె ఆగిపోదని ఎవరు చెప్పగలరు? దెయ్యం ఉన్నా లేకపోయినా పెద్దమ్మ మాత్రం పోయేట్టే ఉంది.

"ఒక్క రాత్రి ఆగు పెద్దమ్మా. అదేందో నేను తేలుస్తా. నువ్వు మాత్రం నోరు తెరవబాక."

"తేల్చుకో. నా నోరు నా ఇష్టం."

పని సాకు చెప్పి సుధ ఇంట్లోంచి బయటపడింది. పెద్దమ్మకు ఒంట్లో బాగాలేదు, తోడు పడుకుంటాననీ అంది. ఒంట్లో బాగాలేదన్న మాట మాత్రం నిజమే. రాత్రి ఒంటిగంటన్నరకు ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని గోడౌను గేటు దగ్గర నిలబడింది.

భయంకరమైన బగ్గు దొరికితే ఏం చేయాలో ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్పారు. ముందు అది మళ్ళీ జరిగేట్టు చూడు. జరిగేటప్పుడు దగ్గరుండి గమనించు. ఒకసారికి ఒకే ఒక్కటి మార్చు. భయపడమని ఎక్కడా చెప్పలేదు. అది ఆమె సొంతంగానే నేర్చుకుంది.

"మెయిన్ ఆపెయ్యన్నా."

అక్రం ఆపేశాడు. ఉన్న ఒక్క బల్బూ ఆరిపోయింది.

ఫోను లైటు వేస్తే పైన ఇనప దూలాలకు పాత పత్తి పింజలు వేలాడుతున్నాయి... తెల్లగా, గాలి లేకపోయినా కదులుతూ. దూరంగా ఓ మూల తాళం వేసిన చిన్న అద్దాల గది. దాని తాళంచెవి వ్యాపారి దగ్గరే ఉంది. మంచు రేకుల మీంచి చుక్కలు చుక్కలుగా జారుతోంది.

ఒకటీ యాభై... ఒకటీ యాభై ఐదు...

టింగ్!

"యా అల్లా!" అక్రం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చేతిలో కర్ర ఎటో ఎగిరిపోయింది.

"ఏం లేదన్నా. ల్యాప్‌టాప్‌లో ఛార్జింగు అయిపోతంది... దాని కూత."

"దాన్ని ఆపమ్మా తల్లీ! దెయ్యం వచ్చేలోపు అదే చంపేట్టుంది."

రెండూ ఐదు.

గేటు కిర్రుమంది.

ఇద్దరూ అటు తిరిగారు. తెల్లటి ఆకారం ఒకటి... తల తడిగా... అడుగులు చప్పుడు లేకుండా... దగ్గరికి వస్తోంది.

వెంకటరమణమ్మ. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నుదుటన విభూతి పెట్టుకుని వచ్చింది.

"నిన్ను ఇంట్లో ఉండమన్నా గదా పెద్దమ్మా!" సుధ గుసగుసగా అరిచింది.

"పిలిచేది నన్నయితే నేను ఇంట్లో ఉండి ఏం చేసేది?"

ఆ మాట పూర్తయిందో లేదో — పైన, చీకట్లో, దూలాల దగ్గర... చిన్నగా 'కర్ర్' మంది.

"వెంకటరమణమ్మా..."

అది మనిషి గొంతులాగే ఉంది. కానీ మాటకూ మాటకూ మధ్య ఊపిరి లేదు.

"...లోపలికి రా... మంచు పడతంది..."

అక్రం కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తున్నాడు. రోడ్డు మీద పోయేవాళ్ళకూ, గేటు బయట పడుకునే అతనికీ ఇన్నాళ్ళూ పేరొక్కటే వినపడేది. ఈ మిగతా మాట ఇవాళే కొత్తగా విన్నాడు.

"వెంకటరమణమ్మా... లోపలికి రా... మంచు పడతంది..."

రెండోసారి. వెంకటరమణమ్మ నోరు తెరిచింది. సుధ ఒక్క అడుగు వేసి ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టాలి. దానికోసమే వచ్చింది.

చెయ్యి లేవలేదు.

ఎందుకంటే ఆ మాట సుధకు తెలుసు. అక్షరం అక్షరం తెలుసు. అది వాళ్ళ తాతయ్య మాట. వాళ్ళ బజారు మొత్తంలో పెళ్ళాన్ని పూర్తి పేరు పెట్టి పిలిచిన మగవాడు ఆయనొక్కడే. అందరూ నవ్వేవాళ్ళు. చలికాలం రాత్రి కొట్టు కట్టేసి వచ్చి, వాకిట్లో ఇంకా అంట్లు తోముతున్న నాన్నమ్మను అలాగే పిలిచేవాడు. నాన్నమ్మ పేరు కూడా వెంకటరమణమ్మే. ఇద్దరూ పోయి ఆరేళ్ళయింది.

"తాతయ్యా..." అంది సుధ. తను అన్నట్టు తనకే తెలియదు.

"ఆఁ..." అని పలికింది వెంకటరమణమ్మ, గట్టిగా, తేటగా. "వస్తన్నా!" చీకట్లోకి, ఆ గొంతు వచ్చిన వైపుకు నడిచింది.

"పలికింది... పలికేసింది..." అక్రం నేలమీద కూలబడ్డాడు.

తాతయ్య మాట. నాన్నమ్మకు తెలుసు, తాతయ్యకు తెలుసు. ఇద్దరూ లేరు. ఇంక ఈ లోకంలో ఆ మాట అలా తెలిసినవాళ్ళు ఎవరున్నారు?

అప్పుడు... మెల్లగా... ఇంకో రకం చలి పుట్టింది సుధకు. ఇంకొకరున్నారు.

అక్కడే నేలమీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. ఛార్జింగు తొమ్మిది శాతం. కంపెనీ కోడులో 'మంచు పడతంది' అని వెతికింది. ఒకే ఒక్క చోట దొరికింది. ఏ లైను ఎవరు రాశారో చెప్పే ఆజ్ఞ ఒకటి వాళ్ళకుంది. 'బ్లేమ్' అంటారు. ఎవడు రాశాడ్రా ఈ దరిద్రం అని తిట్టుకుంటూ దాన్ని నడపడం, తీరా చూస్తే తన పేరే రావడం ఈ వృత్తిలో మామూలే.

నడిపింది. ఆ లైను పక్కన పేరొచ్చింది.

సాయిసుధ. ఇరవై రోజుల కిందట.

"పెద్దమ్మా, ఆగు! అది దెయ్యం కాదు... నేనే!"

చీకట్లో అడుగులు ఆగాయి. "నువ్వేనంటే? నువ్వు ఎప్పుడు చచ్చావే?"

సుధ చెప్పడం మొదలుపెట్టింది. పత్తి తెచ్చిన రైతుల్ని వరసలో పేరు పెట్టి పిలిచే పెట్టె అది. తను రాసిందే. పొడుగు పేర్లు మధ్యలో తెగకుండా పలుకుతోందో లేదో చూడడానికి తనకు తెలిసిన అన్నిటికన్నా పొడుగు పేరు, నాన్నమ్మది, పరీక్షకు పెట్టింది. పేరు కొట్టగానే వేళ్ళు వాటంతటవే తాతయ్య మాట కూడా కొట్టేశాయి. ఆ పరీక్ష రోజూ నడిచే టెస్టు పెట్టె హైదరాబాదు ఆఫీసులో టేబుల్ మీదే ఉందని ఆమె నమ్మకం. బిగించేవాళ్ళకు ఒక పెట్టె తక్కువైతే, దాన్నే పట్టుకొచ్చి ఈ అద్దాల గదిలో పెట్టి పోయినట్టున్నారు.

"మరి కరెంటు?" అన్నాడు అక్రం.

"దాంట్లో బ్యాటరీ ఉంటదన్నా. పైన దూలాల దగ్గరి మైకు కూడా దాని మీదే నడుస్తది. మీ ఊళ్ళల్లో కరెంటు పోతదని నేనే పెట్టించా."

"అర్ధరాత్రి ఎందుకు పిలవాల?"

"రాత్రి ఎనిమిదీ నలభైకి పిలవమన్నా. ఆ పెట్టెను నడిపే సర్వరు గడియారం లండన్ టైము మీద నడుస్తది. మనకూ దానికీ ఐదున్నర గంటలు తేడా. అది మర్చిపోయా."

రోజూ పొద్దున ఆమె చూసుకున్న పచ్చ టిక్కు పక్కన '20:40' అనే ఉంది. అది ఎవరి ఎనిమిదీ నలభయ్యో ఆమె అడగలేదు. ఈ దేశంలో ఈ పని చేసేవాళ్ళలో ఆ ఐదున్నర గంటల గోతిలో ఒక్కసారన్నా పడని మనిషి లేడు. పడ్డవాళ్ళు మహా అయితే ఒక మెయిలు ఆలస్యంగా పంపుతారు. ఈమె ఒక ముసలమ్మను కాటికి పంపబోయింది.

"రెండుసార్లే ఎందుకు?" అక్రానికి అది ఒక్కటే తెగట్లేదు.

"ఒకసారి వినపడకపోతే ఇంకోసారి. సరిపోద్దనుకున్నా."

అతను ఎగిరిపోయిన కర్రను తడుముకుని తీసుకున్నాడు. "మూడు అని కొట్టి ఉంటే నా ఉద్యోగం సుఖంగా ఉండేది గదమ్మా."

వెంకటరమణమ్మ వెనక్కి వచ్చి గడప మీద కూర్చుంది. చీర కొంగుతో తడి తల తుడుచుకుంది.

"అయితే నేను చావనా?"

"చావవు పెద్దమ్మా. తెల్లారి ఆ మాత్రలు వేసుకో, చాలు."

ఎందుకో ఆమె మొహంలో సంతోషం కనపడలేదు.

"ఆ మాట ఎవరిదన్నావు?"

"మా తాతది. మా నాన్నమ్మను పిలిచేవాడు."

"మంచోడు." ఆమె తడిసిన కొంగు పిండింది. "మా ఆయన ఉన్నన్నాళ్ళూ 'ఏమే' అన్నాడు. పోయినాక అది కూడా లేదు. నువ్వు పెద్దమ్మంటావు, ఈ అక్రం ఇడ్లీ ముసలమ్మంటాడు. నా పేరు రేషను కార్డులో తప్ప ఏడా లేదే. మొదటి రాత్రి చానా భయమేసింది. రెండో రాత్రీ భయమేసింది. నాలుగో రాత్రి... మేలుకుని ఎదురుచూసి, గోడౌను వెనక గోడ దాకా పోయి చెవి పెట్టి విన్నా. మంచు పడతంది, లోపలికి రా అంట. చావు ఇంత ప్రేమగా పిలుస్తదా, పోతే ఏంది అనుకున్నా."

సుధ కళ్ళు తుడుచుకుంది. ఆ లైను మీద వేలు పెట్టింది, తీసేద్దామని.

"ఏం చేస్తన్నావు?"

"తీసేస్తన్నా."

"తీయబాకే." వెంకటరమణమ్మ ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టింది. "టైము మార్చు. తెల్లారుజామున ఐదింటికి పెట్టు. ఎట్టాగూ పొయ్యి వెలిగించాల."

"పెద్దమ్మా, అది కంపెనీ మైకు..."

"ఐదింటికి ఏ కంపెనీ లేస్తదే? ఇంకోటి. మూడుసార్లు పిలిపించు. మూడోసారికైతేనే అది మనిషి పిలుపు, పలకాలంటే నాకు మనసొప్పాల గదా."

పని అయిపోయిందనుకున్న నిమిషంలో మార్పులు అడిగేవాళ్ళను సుధ చాలామందిని చూసింది. పోట్లాడకుండా ఒప్పుకున్నది మాత్రం ఇదే మొదలు. ఐదున్నర గంటలు వెనక్కి వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టుకుని, మార్చి, ఛార్జింగు రెండు శాతం ఉండగా సర్వరుకు పంపింది. ఆ టెస్టు పెట్టె ఇక్కడే ఉండనివ్వండి, కొనుగోళ్ళకు వేరేది పంపండి అని పొద్దున హైదరాబాదుకు మెయిలు కొట్టింది. ఎందుకని వాళ్ళు అడిగితే, గ్రామీణ పరిస్థితుల్లో పరీక్షించాలంది.

కృపమ్మ దగ్గర్నుంచి గ్రైండరు వెనక్కి వచ్చింది. కొట్టు తెరిచారు. జరిగిందంతా సుధ ఊళ్ళో పది మందికి విడమరిచి చెప్పింది. అక్రం ఒట్టేసి చెప్పాడు. అంతా తలలూపారు. కానీ అంత మంచి దెయ్యాన్ని ఒక బ్యాటరీకి ఎవరు వదులుకుంటారు?

ఇప్పటికీ మాచర్ల పోయే తొలిబస్సు ఆ గోడౌను దగ్గరికొచ్చేసరికి కండక్టరు అద్దాలు మూసుకోమంటాడు. మంచులో ముందు ఏమీ కనపడదు. పైనుంచి ఆ గొంతు వస్తుంది... ఒకసారి... రెండోసారి... మూడోసారి కూడా.

ఆ వెంటనే రోడ్డుకు అవతల, చీకట్లోంచి, పొగలోంచి — "ఆఁ... వస్తన్నా!"

డ్రైవరు బస్సు ఆపడు. ఇదివరకు పిలిచేది ఒక్కటే ఉండేది, ఇప్పుడు పలికేది కూడా వచ్చి చేరిందని మాచర్ల బస్టాండులో చెప్పుకుంటున్నారు.